దానిమ్మ ఆకుపై నూనెమచ్చ

తెల్లవారకముందే మన పేటలో మరమగ్గముల చప్పుడు మొదలగును. పడుగేదో, పేకయేదో మన పిల్లలకు ఒకరు బోధింప నక్కరలేదు. కాని ఊరు దాటిన తరువాత పొలములలో ఏమి జరుగుచున్నదో మనలో పెక్కుమందికి తెలియదు. నేతపనిచే బ్రదుకువారము, మనకు పైరుపంటల ప్రసక్తి ఏల యని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. మేమును చాలకాలము అట్లే తలంచితిమి. గత సంవత్సరము మా తరగతిలో జరిగిన చిన్న సంఘటన మా తలంపును మార్చినది. ముందు ఆ సంగతి చెప్పి, పిమ్మట విషయములోనికి వత్తుము.

మా విద్యార్థి యొకని తండ్రి, పని సన్నగిల్లుటచే, తనకున్న నాలుగు మగ్గములలో రెండింటిని అమ్మి, ఆ సొమ్ముతో బావమరదితో కలిసి సాంగోలా వైపున కొంత భూమి కొని దానిమ్మతోట వేసెను. అంట్లను ఒక నర్సరీనుండి తెచ్చిరి. తెచ్చిననాడు అవి కన్నులకు పండువుగా నుండెనట. రెండవయేటి వానకాలములో ఆకులపై నూనె చిందినట్లు మచ్చలు కనబడెను. కాయలు పగిలి, నల్లబడి, రాలిపోయెను. ఆ బాలుడు ఒకనాడు రెండు ఆకులను ప్లాస్టిక్ సంచిలో మూసి తరగతికి తెచ్చి, "సార్, మొక్కలు తెచ్చిననాడు ఆకులన్నీ పచ్చగనే ఉండె. మరి రోగం అప్పుడు యాడ దాగి ఉండె?" అని అడిగెను.

మేము తెలుగు చెప్పువారము. ఆ ప్రశ్నకు సమాధానము మాకు తెలియదు. తెలియదని ఒప్పుకొనుట సిగ్గు కాదు, తెలిసికొనకుండ ఊరకుండుట సిగ్గు. అందుచే కొంత చదివి, కొంత తెలిసినవారి నడిగి, గ్రహించిన విషయములను మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఇచ్చట విన్నవించుచున్నాము.

బట్టల వర్తకుని అద్దము

కంటికి కనబడని జీవులు గలవని లోకమునకు మొదట చూపినవారిలో ఒకడు బట్టల వర్తకు డన్న సంగతి మన పేటవారికి సంతోషము కలిగింపక మానదు. ఆయన పేరు ఆంటోని వాన్ లీవెన్‌హుక్. హాలెండు దేశములో డెల్ఫ్ట్ నగరమున 1632లో జన్మించెను. అక్కడనే బట్టల దుకాణము పెట్టెను. బట్టలో పోగులు దట్టముగా నున్నవో, పలుచగా నున్నవో పరీక్షించుటకు ఆ కాలపు వర్తకులు చిన్న అద్దములను వాడెడివారు. లీవెన్‌హుక్ అంతటితో తృప్తిచెందక, గాజును తానే కరగించి, అరగదీసి, అంతకంటె ఎన్నో రెట్లు పెద్దవిగా చూపు అద్దములను తయారుచేసెను. మిరియములలో ఘాటు ఎందుచేత నున్నదో తెలిసికొనగోరి, వానిని నీటిలో నానబెట్టి 1676లో అద్దము క్రింద చూడగా, ఆ నీటిలో అతి సూక్ష్మములైన జీవులు కదలుచు కనబడెను. బాక్టీరియాను మానవుడు చూచుట అదియే మొదలు.

ఇందులో మన పిల్లలు గమనింపవలసిన మరియొక విషయము గలదు. ఆ కాలమున ఐరోపాలో శాస్త్రజ్ఞులలో పెక్కుమంది లాటిను భాషలో వ్రాసెడివారు. లీవెన్‌హుక్‌నకు లాటిను రాదు. తన మాతృభాషయగు డచ్చి తప్ప మరియొక భాష ఆయన ఎరుగడు. అయినను తాను చూచినదానిని చూచినట్లు తన భాషలోనే లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరములుగా వ్రాసి పంపెను. వారు వానిని అనువదించుకొని ప్రకటించిరి. చెప్పదగిన విషయ మున్నచో, భాష అడ్డు కాదని దీనివలన తెలియుచున్నది.

తేల్యా తెగులు

మన జిల్లాలో వానలు తక్కువ. నేల తేలిక. కొద్దిపాటి నీటితో బ్రదుకు దానిమ్మ ఇట్టి నేలకు తగిన చెట్టు. సాంగోలా, పంఢరపురము, మంగళవేఢ, మోహోళ ప్రాంతములలో ఎందరో రైతులు దీనినే నమ్ముకొనియున్నారు. ఆ రైతులకు పెద్ద బెడద బాక్టీరియా మచ్చతెగులు. మరాఠీలో దీనిని 'తేల్యా' అందురు. తేల్ అనగా నూనె గదా! ఆకుపై నూనె తడిసినట్లు మచ్చ ఏర్పడుటచే ఆ పేరు వచ్చినది. అనంతపురము జిల్లాలోని తెలుగు రైతులకును ఈ తెగులు చిరపరిచితమే.

మొదట ఆకుపై గుండుసూది తలయంత మచ్చ పుట్టును. దానిని వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో తడితడిగా, నిగనిగలాడుచు కనబడును. పిమ్మట మచ్చ నడుమ నల్లబడి, ఆకు పండుబారి రాలును. కొమ్మకు సోకినచో చుట్టును గాటు పడినట్లై అక్కడ విరిగిపోవును. కాయకు సోకినచో మచ్చపై పగుళ్లు బారి, కాయ రెండుగా విచ్చును. అట్టి కాయను అంగడిలో ఎవరును కొనరు.

ఈ తెగులును మన దేశమున మొదట 1952లో ఢిల్లీలో గుర్తించిరి. చాలకాలము ఇది అంతగా హాని చేయలేదు. 2000 సంవత్సరము తరువాత మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తోటలలో ఉద్ధృతముగా వ్యాపించినది. దానిమ్మ రైతుల కొరకు భారత వ్యవసాయ పరిశోధన మండలివారు 2005లో జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రమును నెలకొల్పిరి. అది ఎక్కడనో లేదు. మన షోలాపురము ప్రక్కన, పూనా పోవు రహదారిమీద, కేగావ్‌లో నున్నది. ఆ త్రోవను బస్సులో పోవుచు మనలో ఎందరు దాని పేరుపలకను చదివియుందురు?

ఈ తెగులును కలిగించు బాక్టీరియా పేరు జాంథోమొనాస్. గ్రీకు భాషలో 'జాంథోస్' అనగా పసుపుపచ్చ. పరిశోధనశాలలో పెంచినప్పుడు ఇది పసుపుపచ్చని ముద్దలుగా పెరుగును. దీని పొడవు మిల్లిమీటరులో సుమారు వెయ్యవవంతు మాత్రమే. నూలుపోగును విప్పి, అందలి ఒక్క పత్తిపీచును తీసికొన్నచో, ఆ పీచు అడ్డమున సుమారు పది బాక్టీరియాలు వరుసగా పట్టును. ఇంత చిన్నది తోటను కూల్చుచున్నది.

ఇది ఆకులోనికి ఎట్లు పోవును? ఆకు అడుగున ఊపిరి పీల్చుకొను సన్నని రంధ్రము లుండును. వానిని పత్రరంధ్రము లందురు. వానచినుకు తుళ్లినప్పుడు రోగపు ఆకునుండి నీటిబొట్టుతో పాటు బాక్టీరియా ప్రక్క ఆకుపై పడి, ఆ రంధ్రములగుండ లోపలికి చొచ్చును. కత్తెరతో కొమ్మలు కత్తిరించినప్పటి గాయములగుండను పోవును. రోగపుచెట్టునుండి తీసిన అంటులో దాగి, క్రొత్త తోటకును పోవును.

అట్టల చిల్లులు, జీవుల జన్యువులు

సూక్ష్మదర్శిని బాక్టీరియాను చూపగలదు గాని, ఇది దానిమ్మకు కీడుచేయునదియా, ఊరక ఆకుపై నివసించునదియా అని చెప్పజాలదు. రెండును ఒకే తీరుగా కనబడవచ్చును. భేదము వాని ఆకారములో లేదు, వాని లోపల వ్రాయబడిన వ్రాతలో నున్నది. ఆ వ్రాతను చదువు విద్యయే నేటి జీవశాస్త్రమునకు ముఖ్యసాధనము.

దీనిని గ్రహించుటకు మన పిల్లలకు ఒక సౌకర్యము గలదు. ఇతర ఊళ్ల పిల్లలకు అది లేదు. మన షోలాపురపు చాదరుపై పూవును, లతను తీర్చునది ఏది? నేతగాని చేయి కాదు. మగ్గముపైన నుండు జకార్డు యంత్రము. ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు 1804లో దీనిని రూపొందించెను. దానిలో చిల్లులు పొడిచిన అట్టలు వరుసగా కుట్టబడి తిరుగుచుండును. చిల్లు ఉన్నచోట పడుగుపోగు పైకి లేచును, చిల్లు లేనిచోట లేవదు. పూవు అంతయు ఆ చిల్లులలోనే యున్నది. నేడు కొన్ని కార్ఖానాలలో అట్టలకు బదులు కంప్యూటరు ఈ పని చేయుచున్నను సూత్రము అదియే.

ప్రతి జీవకణములోను ఇట్టి అట్టలదండ యొకటి గలదు. దానిని డి.ఎన్.ఏ. అందురు. చిల్లు ఉండుట, లేకుండుట అను రెండు గుర్తులకు బదులు, దీనిలో ఏ, టి, జి, సి అను నాలుగు రసాయనిక అక్షరము లున్నవి. ఈ అక్షరముల వరుసను బట్టి కణము తనకు కావలసిన మాంసకృత్తులను తయారు చేసికొనును. ఒక మాంసకృత్తును చేయు ఉత్తరువుగల భాగమునకు జన్యువని పేరు. ఈ తెగులు బాక్టీరియా వ్రాతలో సుమారు 50 లక్షల అక్షరములు గలవు. దానిమ్మ వ్రాతలో 30 కోట్లకు పైగా అక్షరములును, సుమారు 30 వేల జన్యువులును గలవు. ఈ బాక్టీరియా వ్రాతను చండీగఢ్‌లోని శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిరి. దానిమ్మ వ్రాతను మొదట చీనా శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి.

వ్రాత తెలిసినంత మాత్రమున అర్థము తెలియదు. అర్థము తెలియుటకు ఒక యుక్తి గలదు. జకార్డు దండలోనుండి ఒక్క అట్టను తీసివేసి నేసినచో ఏమగును? చాదరు నేయబడును గాని పూవులో ఒకచోట తప్పు పడును. ఆ తప్పును బట్టి ఆ అట్ట పని యేమో మనకు తెలియును. అట్టను మరల పెట్టగా పూవు సరిపడినచో మన ఊహ స్థిరపడును. శాస్త్రజ్ఞులు బాక్టీరియాలో ఒక్కొక్క జన్యువును తీసివేసి, దానిని దానిమ్మ ఆకులోనికి పంపి, ఏమి జరుగునో చూతురు. ఇక ఏ వేళ ఏ అట్ట నడచుచున్నదో తెలిసికొను పద్ధతియు గలదు. కణములో అన్ని అట్టలున్నను అన్నియు ఒక్కసారి పనిచేయవు. రోగము సోకిన ఆకులో ఏ జన్యువులు మేలుకొన్నవి, ఏవి నిద్రించుచున్నవి అని పోల్చి చూచుటకు నేడు యంత్రము లున్నవి.

పచ్చని ఆకులో దాగిన రోగము

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తుము. అంటు పచ్చగా నున్ననాడు రోగము ఎక్కడ నుండెను? మొక్కలోనే యుండెను. కాని బాక్టీరియాల సంఖ్య చాల తక్కువ. మచ్చ పుట్టునంతటి సైన్యము ఇంకను కూడలేదు. కంటికిని, సూక్ష్మదర్శినికిని అది చిక్కదు. అయినను దానిని పట్టు సాధన మొకటి గలదు. దాని పేరు పి.సి.ఆర్. ఈ పేరు మన ఇండ్లలో తెలియనివారు లేరు. 2020లో కరోనా వచ్చినప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష ఈ జాతిదే.

అమెరికా శాస్త్రజ్ఞుడు కేరీ మలిస్ దీనిని 1983లో ఊహించెను. 1993లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. పద్ధతి యిది. ఆకును నలిపి అందలి డి.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. డి.ఎన్.ఏ. రెండు పోగులు పురిపెట్టిన త్రాడు వంటిది. దానిని సుమారు 95 డిగ్రీలకు వేడిచేసినచో రెండు పోగులును విడిపోవును. పిమ్మట వేడి తగ్గింతురు. అప్పుడు, ముందుగా కలిపియుంచిన చిన్న డి.ఎన్.ఏ. తునుకలు, తెగులు బాక్టీరియాకే ప్రత్యేకమైన అక్షరముల వరుస ఎక్కడ నున్నదో అక్కడ మాత్రమే పోయి అంటుకొనును. అక్కడినుండి ఒక మాంసకృత్తు ప్రతి పోగునకును జతపోగును అల్లును. ఒకటి రెండగును. మరల వేడి, మరల చల్లదనము: రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. ముప్పదిమార్లు ఇట్లు జరిగిన పిదప ఒక్క పోగు నూటయేడు కోట్లకు పైబడును. విద్యార్థులు ఒకటిని రెండుతో ముప్పదిమార్లు హెచ్చవేసి సరిచూచుకొనవచ్చును. ఇంత పెరిగిన తరువాత దాగుట అసాధ్యము. ఆకులో ఆ బాక్టీరియా లేనేలేనిచో తునుకలు అంటుకొనుటకు చోటే యుండదు, కనుక ఏమియు పెరగదు.

అంత వేడిలోను చెడిపోకుండ అల్లు మాంసకృత్తు ఎక్కడ దొరకినది? అమెరికాలోని ఎల్లోస్టోన్ అను చోట ఉడుకునీటి బుగ్గలలో నివసించు ఒక బాక్టీరియానుండి. దానిని థామస్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు 1960 తరువాతి దశకములో కేవలము కుతూహలముచే వెదకి పట్టెను. అది ఒకనాడు కోట్లమంది రోగపరీక్షకు ఉపయోగపడునని ఆయన ఎరుగడు.

కనుక అంట్లు కొనకముందే తల్లిచెట్లను ఇట్లు పరీక్షింపగలిగినచో, పచ్చని ఆకుల వెనుక నున్న ఆపద బయటపడును. రెండు మగ్గములు అమ్మిన సొమ్ము ఆ పరీక్ష లేకపోవుటచే మట్టిలో కలిసినది.

ఆకులోపలి యుద్ధము

మొక్క నోరులేనిదైనను చేతకానిది కాదు. బాక్టీరియా తోకలోని మాంసకృత్తును గుర్తుపట్టు కాపరులు మొక్క కణములపై నున్నవి. శత్రువు వచ్చెనని తెలియగానే మొక్క పత్రరంధ్రములను మూసికొనును. కణపు గోడకు లోపలివైపున కాలోజ్ అను పదార్థముతో అడ్డుకట్ట వేసికొనును. అందుచేతనే పొలములో కోట్లకొలది బాక్టీరియా లున్నను చాలవరకు మొక్కలు పచ్చగానే యుండును.

జాంథోమొనాస్ ఊరకుండునా? దానియొద్ద సూదివంటి గొట్టము గలదు. దానిని మొక్క కణమునకు గ్రుచ్చి, తన మాంసకృత్తులను లోపలికి పంపును. అవి కాపరుల నోరు కట్టివేయును. దానిమ్మ బాక్టీరియా పంపు ఇట్టివానిలో ఒకదాని పేరు జాప్-ఎన్. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, మేము పైన చెప్పిన అట్ట తీయు యుక్తిచేతనే, ఈ జన్యువు లేని బాక్టీరియాను చేసి చూచిరి. అది ఆకులో సరిగా పెరుగలేకపోయెను, మొక్క అడ్డుకట్టను ఎక్కువగా వేసికొనెను. కనుక ఆ అడ్డుకట్టను ఆపుటయే జాప్-ఎన్ పనియని తెలిసినది. ఈ ఫలితములు 2013లో ప్రకటింపబడినవి. దొంగ ఏ గొళ్లెమును తీయుచున్నాడో తెలిసినప్పుడు గదా, ఆ గొళ్లెమును బిగింప వీలగును!

సాంబమసూరి కథ

గొళ్లెము బిగించిన కథ యొకటి తెలుగునాట జరిగినది. మేము నేటి తెలంగాణమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో వసతిగృహమున ప్రతిదినము బి.పి.టి. బియ్యపు అన్నమే. ఇక్కడ జొన్నరొట్టెకు అలవాటుపడిన మాకు ఆ సన్నబియ్యము గొప్ప వింత. దాని వెనుక ఇంత శాస్త్రము గలదని అప్పుడు మే మెరుగము.

ఆ వరికి సాంబమసూరి యని పేరు. గుంటూరు ప్రాంతపు బాపట్ల పరిశోధన స్థానమున రూపొందింపబడి 1986లో విడుదలయినది. అన్నము రుచికరము, గింజ సన్నము. కాని ఎండాకు తెగులునకు తేలికగా లొంగును. ఆ తెగులును కలిగించునది మన దానిమ్మ బాక్టీరియాకు దాయాదియే. అదియు జాంథోమొనాస్ కుటుంబములోనిదే. హైదరాబాదులోని కణజీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలకాలయము కలిసి దీనికి పూనుకొన్నవి. తెగులును తట్టుకొను మూడు జన్యువులను ఇతర వరులనుండి సాంబమసూరిలోనికి తేవలెనని వారి సంకల్పము.

అందొక జన్యువు మొదట ఆఫ్రికాలోని అడవివరినుండి వచ్చినది. అది శత్రువును గుర్తుపట్టు కాపరి. మరియొకటి ఇంకను చమత్కారమైనది. ఎండాకు బాక్టీరియా తన మాంసకృత్తును పంపి, వరికణములోని చక్కెర బయటకు పంపు జన్యువును మేలుకొలిపి, ఆ చక్కెరను తాను భుజించును. కొన్ని వరులలో ఆ జన్యువు ముందుభాగమున అక్షరములు మారియుండుటచే బాక్టీరియా తాళపుచెవి దానికి పట్టదు. తలుపు తెరచుకొనదు, దొంగకు తిండి దొరకదు.

ఈ మూడును ఒకే మొక్కలో చేరినవో లేదో చూచి చెప్పుట కష్టము. ఒకటి పనిచేయుచున్నచో మిగిలిన రెండు ఉన్నను లేకున్నను మొక్క ఆరోగ్యముగానే కనబడును. అందుచే ప్రతి తరములోను నారుమొక్కల ఆకుతునుక తీసి, పి.సి.ఆర్. చేసి, మూడు గుర్తులును ఉన్నవానినే ఎన్నుకొని, మరల మరల సాంబమసూరితో సంకరింపజేసిరి. కడకు సాంబమసూరి రుచియు, మూడు జన్యువుల బలమును గల వరి వచ్చినది. అది 2008లో రైతులకు చేరినది. ఇందులో జరిగినది వెనుకటినుండి వచ్చుచున్న సంకరమే. క్రొత్తది, ఏ మొక్కలో ఏమున్నదో చదివి చూచు కన్ను మాత్రమే.

స్నేహితులు గూడ గలరు

సూక్ష్మజీవు లన్నియు శత్రువులే యని విద్యార్థులు భ్రమపడరాదు. మనము తినుచున్న కందిపప్పు అందుకు సాక్షి. కందిమొక్కను వేళ్లతో జాగ్రత్తగా పెకలించి చూచినచో వేళ్లపై చిన్నచిన్న బుడిపెలు కనబడును. వానిలో నివసించు బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చి ఇచ్చును. గాలిలో వందకు 78 పాళ్లు నత్రజనియే యైనను దానిని నేరుగా వాడుకొను శక్తి మొక్కకు లేదు. ప్రతిఫలముగా మొక్క వానికి చక్కెర నిచ్చును. ఈ సత్యమును జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనువారు 1880 తరువాతి దశకమున నిరూపించిరి.

కందివేరు మట్టిలోనికి ఒక రసాయనమును వదలి 'ఎవరైనా ఉన్నారా?' అని పిలుచును. తగిన బాక్టీరియా మరియొక రసాయనముతో 'ఉన్నాను' అని బదులు పలుకును. అప్పుడు వేరునూగు వంగి దానిని లోపలికి తీసికొనును. ఇట్లు మిత్రుని గుర్తించు కాపరులును, బూజు వంటి శత్రువును గుర్తించు కాపరులును ఒకే వంశమునకు చెందినవారని జన్యువులను చదివిన తరువాత తెలిసినది. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ నాయకత్వమున కంది వ్రాత 2011లో చదువబడినది. అందులో 48 వేలకు పైగా జన్యువులు కనబడినవి.

చేయవలసినది, చేయరానిది

సాంబమసూరికి జరిగిన మేలు దానిమ్మకు ఇంకను జరుగలేదు. తోటలలో ఎక్కువగా పెంచు భగవా రకము తేల్యాకు లొంగునదే. తీయగా నుండి ఈ తెగులును పూర్తిగా తట్టుకొను రకము రైతు చేతికి రావలసియున్నది. చెట్టు పెరిగి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును గనుక వరివలె త్వరగా సంకరము చేయ వీలులేదు.

ఈలోపుగా రైతులు ఏమి చేయుచుండిరి? స్ట్రెప్టోమైసిన్ గల మందును తోటలపై పిచికారి చేయుచుండిరి. ఈ పేరు మన పేట పెద్దలకు తెలియును. క్షయరోగమునకు సూదిమందుగా ఇచ్చినది ఇదియే. 1943లో అమెరికాలో మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి దీనిని కనుగొనిరి. దుమ్ములో పనిచేయు నేతవారి ఇండ్లలో క్షయ ఎంత వేదన కలిగించినదో వేరుగా చెప్పనక్కరలేదు. మనుష్యుల ప్రాణము కాపాడు మందును చెట్లపై మాటిమాటికి చల్లినచో, దానికి లొంగని బాక్టీరియా పుట్టుకొనివచ్చును. లొంగని గుణముగల జన్యువును ఒక బాక్టీరియా మరియొకదానికి అందింపగలదు. కేంద్ర వ్యవసాయ శాఖవారు 2021 డిసెంబరులో పైరులపై దీని వాడకమును నిషేధించు ముసాయిదాను ప్రకటించిరి. పొలములోని విషయము మన ఇంటి రోగి మంచము వరకు వచ్చుట యనగా ఇదియే. నేతవారికి ఈ ప్రసక్తి ఏల యను ప్రశ్నకు మా సమాధానమును ఇదియే.

మందు కంటె జాగ్రత్త మేలని పరిశోధకులు చెప్పుచున్నారు. పరీక్షించిన ఆరోగ్యకరమైన అంట్లనే నాటవలెను. ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవునప్పుడు కత్తెరను క్రిమిసంహారక ద్రావణములో ముంచవలెను. రాలిన ఆకులను, పగిలిన కాయలను ఏరి కాల్చివేయవలెను. వానకాలపు కాపును విడిచి, వానలు తగ్గిన తరువాత హస్త కార్తెలో పూతకు వదలు 'హస్తబహారు' పట్టినచో తెగులు ఒత్తిడి తగ్గును.

మా విద్యార్థి కుటుంబము తోటలో సగము చెట్లను పెకలించివేసిరి. మిగిలినవానికి ఈ నియమములు పాటించి హస్తబహారు పట్టిరి. ఆ బాలుడు ఇప్పుడు సెలవులలో తోటకు పోయి, కత్తెర ముంచు డబ్బా తన వంతుగా పట్టుకొనుచున్నాడు. ఎందుకు ముంచవలెనో మేనమామకు తెలుగులో వివరించి చెప్పెనట. మాకు అంతకంటె కావలసిన దేమున్నది?

విద్యార్థులారా! వచ్చు వానకాలమున ఎవరి పొలములోనైనను అనుమతి తీసికొని ఒక కందిమొక్కను పెకలింపుడు. వేరుబుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబిరంగు ఉన్నచో ఆ బాక్టీరియా పనిలో నున్నదని తెలిసికొనుడు. చూచినదానిని చూచినట్లు మీ మాటలలో వ్రాసి మాకు ఇండు. డెల్ఫ్ట్ నగరపు బట్టల వర్తకుడు చేసినది అంతియే. తల్లిదండ్రులారా! పిల్లలు ప్రశ్న అడిగినప్పుడు, 'ఇది మన పని కాదు' అని మాత్రము అనకుడు. ఒక్క అట్ట తీసినచో చాదరు పూవు చెడునని ఎరిగిన ఇంటి బిడ్డకు, జన్యువన నేమో బోధించుట కష్టము కాదు.